ఇతరములు: నాలుగు శాతం

ఆ గురువారం ఉదయం పదిన్నరకు మా లేబొరేటరీ పక్కగదిలో ఉన్నవారు: బల్ల మీద పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్న క్రేన్ డ్రైవరు, ఆ మోకాళ్లు కదలకుండా పట్టుకున్న ఆయన కొడుకు, చేతులకు తొడుగులు వేసుకుంటున్న మా డాక్టరుగారు, మా అటెండరు, నేను. తలుపు బయట బెంచీ మీద క్రేన్ డ్రైవరు భార్య. ఉన్న వస్తువులు: పొట్టిగా మందంగా ఉండే ఉక్కు సూది ఒకటి, దాని బోలులో ఇమిడే పుల్ల ఒకటి, ఇరవై సీసీల గాజు సిరంజి ఒకటి, మత్తుమందు సీసా ఒకటి, కడిగి తుడిచిన గాజు పలకలు పన్నెండు, పెన్సిలు ఒకటి, ఐదు నిమిషాలు ముందు నడిచే గోడగడియారం ఒకటి.

ఈ జాబితా ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పు లేకుండా చెప్పగలను. ఆ వారం నేను రాసినవాటిలో ముఖ్యమైన జాబితా ఇంకొకటి ఉంది. అందులో తప్పుంది. దాని గురించే ఇప్పుడు చెబుతున్నది.

డెబ్బైల మధ్యలో మాట. విశాఖపట్నంలో డిప్లొమా చదివి, జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా ఆసుపత్రిలో లేబొరేటరీ టెక్నీషియనుగా చేరి రెండేళ్లయింది. నా వయసు ఇరవై నాలుగు. ఏది చూసినా లెక్కపెట్టి రాసుకోవడం నా అలవాటు. ఆ అలవాటును నేను తెలివి అనుకునేవాణ్ని.

"మూలుగ తీత్తారేటి బాబూ?" గోడవైపు చూస్తూనే అడిగాడు క్రేన్ డ్రైవరు. ఆయనది సోంపేట దగ్గర పల్లె. వయసు యాభై రెండు.

"అవును బాబాయ్. రెండు చుక్కలే."

"ఆదివారం పూట మేం గొర్రి బొమికిలోంచి తీత్తాం. నోటెట్టి పీల్సీడమే. ఇన్ని సామాన్లేటి లేవు."

"నీది పీల్సడానికి ఎవుడూ ముందుకి రాలేదు. అందుకే సూది తెచ్చినారు," అన్నాడు మా అటెండరు. ఆయనా శ్రీకాకుళం వైపువాడే. గాజు పలకలు కడగడంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. నేను మావ అని పిలిచేవాణ్ని.

డాక్టరుగారు బెంగాలీ. మా మాటలు ఆయనకు అందవు. పేషెంటు ఏమంటున్నాడని అడిగారు. నొప్పి పుడుతుందా అని అడుగుతున్నాడని చెప్పాను.

"పుడుతుందని చెప్పు," అన్నారు.

చెప్పాను. పుట్టింది. సిరంజి వెనక్కి లాగిన క్షణంలో ఆయన కాలి బొటనవేలు బిగుసుకుంది. కొడుకు మొహం తిప్పేసుకున్నాడు. సిరంజిలోకి వచ్చిన ఎర్రటి చుక్కలో బొంబాయి రవ్వ పలుకుల్లాంటివి తేలాయి. అవే మాకు కావలసినవి. గడ్డకట్టే లోపల ఆ పలుకుల్ని గాజు పలక మీద పరవడం నా పని. పన్నెండు పలకలకు పదకొండు బాగా వచ్చాయి.

సూది దించే ముందు నేను ఫారం నింపాను. పేరు, వయసు, డిపార్ట్‌మెంటు, టోకెన్ నంబరు. ఏడో ప్రశ్న, ఈ నెలలో బయట మందులేమైనా వాడారా అని. క్రేన్ డ్రైవరు లేదన్నాడు. సూదులేమైనా వేయించుకున్నారా అని నా అంతట నేనే ఇంకో ప్రశ్న వేశాను. అదీ లేదన్నాడు. కొడుకు తండ్రి వైపు చూశాడు. నేను ఫారం వైపు చూస్తున్నాను.

అంతకు మూడు రోజుల ముందు, అంటే సోమవారం, ఆయన తనంతట తానే ఆసుపత్రికి వచ్చాడు. క్రేన్ కేబిన్‌లోకి ఎక్కే నిచ్చెన మధ్యలో ఆగిపోయాడట. కిందనున్నవాళ్లు "ఉతరో, ఉతరో" అని అరిస్తే దిగాడట. మొహం పాత పసుపుగుడ్డలా పాలిపోయింది, నాలుక నున్నగా ఎర్రగా ఉంది. రక్తం తీసి చూశాను. హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది, ఉండవలసినదాంట్లో మూడో వంతు. తెల్లకణాలు రెండు వేల రెండు వందలు, సగం. గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అంతకంటే తక్కువ. మూడూ ఒకేసారి తగ్గాయి.

ఈ మూడు ఒకేసారి తగ్గడమంటే ఏమిటో కుర్ర టెక్నీషియన్లు ఇప్పుడు యంత్రం ఇచ్చే కాగితం చూసి చెప్పేస్తారు. మేం తల గోక్కునేవాళ్లం. అందుకని మూలుగలో జరిగేదేమిటో ఇక్కడే చెబుతాను. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది తెలియదు.

రక్తంలో ఉన్న కణాలన్నింటికీ పుట్టిల్లు ఎముక మూలుగే. అక్కడ కొద్దిపాటి మూలకణాలుంటాయి. మైక్రోస్కోపులో చూసి ఇదే మూలకణం అని వేలు పెట్టి చూపలేం. పిల్లల్ని చూసి తల్లి ఉందనుకోవడమే. మూలకణం రెండుగా చీలినప్పుడు ఒకటి మూలకణంగానే ఇంటిపట్టున ఉండిపోతుంది. రెండోది పనిలోకి వెళుతుంది. ఏ పనో మధ్యదారిలో తేలుతుంది. ఎర్రకణం, తెల్లకణం, ప్లేట్‌లెట్, మూడు దారులు. ఎర్రకణం దారి పట్టినది మొదట పెద్దగా ముదురు నీలంగా ఉంటుంది. మళ్లీ మళ్లీ చీలుతూ, చీలినకొద్దీ చిన్నదవుతూ, నీలం పోయి గులాబీరంగుకు తిరుగుతుంది. చివర్న తన కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రక్తంలోకి వెళ్లిపోతుంది. వెళ్లిన కొత్తలో ఒకటి రెండు రోజులు దాని ఒంట్లో పాత సామాను కొంత మిగిలి ఉంటుంది. నీలం అద్దకం వేస్తే అది వలలాగా కనిపిస్తుంది. దాన్ని రెటిక్యులోసైట్ అంటాం. మా భాషలో రెటిక్. నూటికి ఒకటి ఉంటే మూలుగ మామూలుగా పనిచేస్తున్నట్టు. నాలుగు నెలలు తిరిగాక ఎర్రకణం పని అయిపోతుంది. దాని స్థానంలో ఇంకొకటి ఆసరికే వచ్చి ఉంటుంది.

ఈ చీలే పనికి బీ పన్నెండు విటమిను కావాలి. అది లేకపోతే కణం ఒళ్లు పెరుగుతుంది, కేంద్రకం ఎదగదు. కణాలు రాక్షసుల్లా తయారై ఎక్కువభాగం మూలుగలోనే చచ్చిపోతాయి. బయటికి ఏదీ సరిగా రాదు. మూడు లెక్కలూ పడిపోతాయి.

క్రేన్ డ్రైవరు రక్తంలో ఎర్రకణాలు తక్కువే గాని ఉన్నవి పెద్దవిగా ఉన్నాయి. రెటిక్ నూటికి అర కూడా లేదు, ఉండవలసిన ఒకటిలో సగానికీ తక్కువ. డాక్టరుగారు మూడు అనుమానాలు రాశారు. ఒకటి, మూలుగ ఎండిపోయింది. రెండు, మూలుగలో చెడ్డ కణాలు చేరాయి. మూడు, విటమిను లోటు. మొదటి రెండింటికీ ఆ రోజుల్లో మా దగ్గర మందు లేదు. మూడోదానికి మందు బజార్లో దొరుకుతుంది. ఏదో తేల్చడానికే మూలుగ తీయడం. తీసేదాకా ఏ మందూ ఇవ్వకూడదని నియమం, ఎందుకంటే మందు పడితే మూలుగ రూపు మారిపోతుంది. బుధవారం వార్డులో చేర్చుకున్నారు. రక్తం ఎక్కిద్దామంటే ఆయన గ్రూపు దొరకలేదు.

శుక్రవారం నేను లెక్కకు కూర్చున్నాను. ఐదు వందల కణాలు చూసి, ఏ రకం ఎన్నో ఫారంలో నింపాలి. అచ్చు వేసిన ఫారంలో పద్నాలుగు గడులు. చివర పదిహేనోది ఇతరములు. ఎర్రదారి కణాలు పుష్కలంగా ఉన్నాయి, రూపురేఖలు కూడా దాదాపు సరిగానే ఉన్నాయి. తెల్లదారిలో మాత్రం అక్కడక్కడ ఒక వింత. ఉండవలసినదానికి రెట్టింపు సైజు, కేంద్రకం గుర్రపు లాడంలా మందంగా వంగి ఉంది. ఇలాంటివి ఇరవై వచ్చాయి. డిప్లొమాలో వీటి గురించి ఒక వాక్యం చదివినట్టు గుర్తు, చూడడం ఎప్పుడూ లేదు. పరిచేటప్పుడు నలిగి పెద్దవయ్యాయేమో అనుకున్నాను. వాటికి గడి లేదు. ఇతరములు గడిలో నాలుగు శాతం అని రాశాను. మొత్తం కూడితే సరిగ్గా నూరు వచ్చింది. నూరు వస్తే ఆ రోజుల్లో నాకు చాలా తృప్తిగా ఉండేది.

శనివారం మధ్యాహ్నం డాక్టరుగారు రెండు పలకలు చూశారు, నా ఫారం చూశారు. నా లెక్కల మీద ఆయనకు నమ్మకం. దానికి ఆయన్ను తప్పు పట్టలేను, ఆ నమ్మకం కోసం రెండేళ్లు కష్టపడ్డాను.

"ఎర్రదారి బాగానే ఉంది. విటమిను లోటు కాదు," అన్నారు. "మూలుగ నిండుగా ఉంది, సరుకు బయటికి రావడం లేదు. మూలకణాల దగ్గరే తేడా వచ్చినట్టుంది. ఇది మెల్లగా కేన్సరులోకి దిగుతుంది."

రిపోర్టు మీద అదే రాసి సంతకం చేశారు. సోమవారం పదకొండుకు మెడికల్ బోర్డు ఉంది. శాశ్వతంగా పనికి అనర్హుడు అని సిఫారసు రాసి జతచేశారు.

ఆ కాగితం వార్డుకు తీసుకెళ్లి వచ్చిన అటెండరు మావ, స్టూలు లాక్కుని కూర్చుని బీడీ చెవిమీద పెట్టుకున్నాడు.

"కేన్సరని సెప్పినారు బాబూ ఆలకి. ఆయన ఏటన్నాడో తెల్సా?"

"ఏమన్నాడు?"

"'అయితే అన్‌ఫిట్టు కాయం కదా' అన్నాడు. మొకం సూత్తే పెళ్లి కుదిరినట్టుగున్నాది."

నాకు అర్థం కాలేదు. మావ అర్థమయ్యేలా చెప్పాడు. మా కార్ఖానాలో అప్పుడున్న పద్ధతి ఏమంటే, పర్మనెంటు కార్మికుణ్ని బోర్డు అనర్హుడంటే అతని కొడుకును ఒకణ్ని పనిలోకి తీసుకుంటారు. ఈ ఊళ్లో పని అనేది ఆస్తిలాంటిది. తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వెళితేనే నిలబడుతుంది. తండ్రి మామూలుగా రిటైరైతే కొడుకు పేరు వరసలో ఎక్కడో ఉంటుంది. ఈ కుర్రాడికి ఇరవై ఒకటి. మెట్రిక్ ప్యాసై, ఫిట్టరు ట్రేడు నేర్చి, మూడేళ్లుగా పని కోసం గోవింద్‌పూర్ గేట్ల దగ్గరా గమ్హరియా షెడ్ల దగ్గరా తిరుగుతున్నాడు.

"ఆడికి పని, ఈడికి పాడె. ఒక్క కాయితంతో రెండు పన్లు," అన్నాడు మావ. "ఇంకోటి. సచ్చిపోతాడన్న మనిసి నిన్న సాయంత్రం రెండు కారియర్ల అన్నం తిన్నాడు," అన్నాడు.

నేను దాన్ని ఎక్కడా రాసుకోలేదు. ఆకలికి గడి లేదు.

సోమవారం ఉదయం బోర్డుకు తాజా లెక్కలు కావాలని వార్డునుంచి ఏడున్నరకు రక్తం వచ్చింది. ఎనిమిదిన్నరకు రెటిక్ చూడ్డం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో ఆపేశాను. ఎక్కడ చూసినా నీలం వలలే. నూటికి పందొమ్మిది.

ఇలాంటప్పుడు నేను కారణాలు వరసగా రాసుకుంటాను. ఆ రోజు రాసుకున్నవి నాలుగు. అద్దకం పాడైంది. గొట్టం మారింది. మనిషికి లోపల ఎక్కడో రక్తం పోతోంది. మనిషికి ఎవరో ఏదో మందు ఇచ్చారు. అద్దకం వడకట్టి, నా వేలు గుచ్చుకుని చూశాను, ఒకటి. మావ వేలు గుచ్చాను.

"నాకేటి రోగం?" అన్నాడు.

"ఏం లేదు. పోల్చడానికి."

ఆయనకూ ఒకటే. గొట్టం మీద పేరు, టోకెను సరిపోయాయి. రక్తం పోతుంటే హిమోగ్లోబిన్ తగ్గాలి, ఇది అరపాయింటు పెరిగింది. మిగిలింది నాలుగో కారణం.

తొమ్మిదిన్నరకు వార్డుకు వెళ్లాను. క్రేన్ డ్రైవరు మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, భార్య ఇచ్చిన ఉప్మా తింటున్నాడు. నన్ను చూసి గిన్నె ఆమె చేతికిచ్చి, పడుకుని దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు. మూతి పక్కన ఆవగింజ ఒకటి ఉంది.

"బాబాయ్, నువ్వు బయట సూది వేయించుకున్నావు."

"లేదు బాబూ."

"వేయించుకున్నావు. నీ రక్తం చెబుతోంది."

"రగతం అబద్దం ఆడదేటి? మనుసులే ఆడుతుంటే."

భార్య గిన్నె కింద పెట్టింది. "నానే ఏయించినాను బాబూ. మంగళారం సాయంత్రం, సాక్చీ బజార్లో కంపోండరు కాడ. ఎర్ర సూది. ఒంట్లో రగతం లేదు కదా, ఎర్రసూదయితే రగతం పడతాదని ఆయనే సెప్పినాడు. తప్పేటి?"

"నోరుముయ్యే," అన్నాడు ఆయన, దుప్పటి లోపలినుంచి.

ఎర్ర సూది అంటే బీ పన్నెండు. ఆ మందు రంగే అంత. అందులో రక్తం లేదు, కాని కంపౌండరు చెప్పింది మాత్రం నిజమైంది. మంగళవారం సాయంత్రం మందు పడితే గురువారం ఉదయానికి మూలుగలో ఎర్రదారి కణాలు సర్దుకుపోయాయి. మేం తీసి చూసేసరికి అప్పటికే బాగుపడిన ఎర్రదారి కనిపించింది. తెల్లదారి రాక్షసులు మాత్రం అంత త్వరగా పోవు, రెండు వారాలుంటాయి. నా ఫారంలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని నేనే ఇతరములలో పాతిపెట్టాను.

"బాబాయ్, నీకు కేన్సరు లేదు. నెలకో సూది వేయించుకుంటే చాలు, నిక్షేపంగా ఉంటావు. ముందే ఎందుకు చెప్పలేదు?"

"మొదట డాక్టరుబాబు తిడతాడని సెప్పలేదు. బయటోడి కాడికి ఎందుకెళ్లినావంటాడు కదా. తరవాత..." అని ఆగి, లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇదిగో సూడు బాబూ. మన దేసపోడివి కాబట్టి అడుగుతన్నాను. సూదులు నాను ఏయించుకుంటాను. నెలకోటి కాదు, రెండేయించుకుంటాను. రేపట్నించే ఏయించుకుంటాను. ఇయాల ఒక్క పూట ఆ కాయితం తొక్కిపెట్టు. పదకొండుకి బోర్డు. పన్నెండుకి అయిపోద్ది. ఆడికి పనొచ్చేత్తాది, నాను బతికేత్తాను. ఎవుడికేటి నట్టం?"

నేను లెక్క వేశాను. ఎవరికీ నష్టం కనిపించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

"అబద్దం ఆడమనట్లేదు," అన్నాడాయన మళ్లీ. "ఆలీసం సెయ్యమంటున్నాను. ఈ ఆస్పత్రిలో అదేటి కొత్తా?"

బయటికి వచ్చాను. కాగితం జేబులో ఉంది. వరండాలో ఒక స్తంభం దగ్గర నిలబడ్డాను. ఎంతసేపో చెప్పగలను, పదహారు నిమిషాలు. కాగితం ఇవ్వకపోతే ఒక కుటుంబం బాగుపడుతుంది, నా తప్పు కూడా బయటపడదు. ఇస్తే రెండూ పోతాయి. అయితే ఆ ఫైలులో "మూలకణాల దగ్గరే తేడా" అని డాక్టరుగారి సంతకంతో ఉండిపోతుంది. రేపు ఈయన సూది మానేసి పడిపోతే, ఆ ఫైలు చూసిన ఏ డాక్టరూ సూది వెయ్యడు. ఇలా ఒకటి తర్వాత ఒకటి అనుకుంటున్నాను తప్ప కాలు కదపలేదు.

కొడుకు మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో బోర్డుకు కావలసిన కాగితాలు, మెట్రిక్ సర్టిఫికెట్టు, రెండు ఫొటోలు. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. నా మొహం చూసి ఆగాడు.

"క్యా హువా భయ్యా?"

చెప్పాను. సూది సంగతి, పందొమ్మిది సంగతి, వాళ్ల నాన్న అడిగిన సంగతి. ఏదీ దాచలేదు. దాచకుండా చెప్పడం ధైర్యం కాదని తర్వాత తెలిసింది. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి నెత్తిన నా బరువు పెట్టడం అది.

వాడు కాగితాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"బాపూ మరేగా నహీ?" అన్నాడు. చచ్చిపోడు కదా అని.

"చావడు. సూది వేస్తుంటే చావడు."

"ఔర్ ఆజ్ నహీ లిఖా తో?"

ఈ రోజు రాయకపోతే ఏమవుతుందని. ఫైలు సంగతి చెప్పాను. సూది మరిచిపోతే ఏమవుతుందో చెప్పాను.

"భూలేగా," అన్నాడు వెంటనే. "ఓ తో చష్మా రోజ్ భూల్‌తా హై." మరిచిపోతాడు, కళ్లద్దాలే రోజూ మరిచిపోతాడు.

మెట్ల కింద సైకిలు స్టాండు వైపు కాసేపు చూశాడు. తర్వాత తెలుగులో అన్నాడు. వాడి నోట తెలుగు వినడం నాకు అదే మొదటిసారి, వాళ్లమ్మ యాసే.

"రాసీ. ఉన్నది రాసీ. ఆయనకి నాను సెప్పినానని సెప్పకు."

పది గంటల పది నిమిషాలకు డాక్టరుగారి బల్ల మీద కాగితం పెట్టాను. ఆయన పందొమ్మిది దగ్గర వేలు పెట్టి, "రెండుసార్లు చూశావా?" అన్నారు. నాలుగుసార్లన్నాను. సూది సంగతి చెప్పాను. గురువారం పరిచిన పలకలు తెప్పించి మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. ఐదు నిమిషాలు తిప్పారు, ఆగారు.

"ఈ లాడం కణాలు నీకు కనిపించలేదా?"

"కనిపించాయి సార్."

"ఎక్కడ రాశావు?"

"ఇతరములలో సార్. నాలుగు శాతం."

"ఇతరములంటే?"

"గడి లేనివి సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గడి లేకపోతే గీసుకోవాలి. స్కేలు లేదా నీ దగ్గర?"

ఉందన్నాను. ఆయన తన అభిప్రాయం మీద తనే ఎర్ర ఇంకుతో అడ్డగీత గీసి, పక్కన సంతకం పెట్టి, కింద కొత్తది రాశారు. శనివారం తొందరపడ్డానని బోర్డు ముందు ఒప్పుకున్నారట. నా పేరు ఎత్తలేదట. బోర్డు మూడు నెలలు వైద్యం చేసి మళ్లీ చూడమంది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ పదమూడు. పనికి అర్హుడు అని రాసి పంపేశారు.

ఆ తర్వాత నేను బీరువాలో దాచిన పాత పలకలన్నీ తీసి, నా ఫారాల్లో ఇతరములని రాసిన ప్రతి ఒక్కటీ మళ్లీ చూశాను. ఆదివారాలు ఆరు పట్టింది. మా అటెండరు మావ తోడు వచ్చాడు, ఓవర్‌టైము లేదని తెలిసి కూడా. లాడం కణాలు ఇంకెక్కడా లేవు. ఉన్నట్టయితే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు.

క్రేన్ డ్రైవరు నెలనెలా సూదికి వచ్చేవాడు. మొదటి ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. సూది వేసేది నర్సు. ఆయన మాత్రం పనిగట్టుకుని మా లేబొరేటరీ తలుపు ముందునుంచి నడిచి, నన్ను చూసి, మొహం తిప్పుకుని వెళ్లేవాడు. దారి అటు కాదు. ఆరో నెల ఆగాడు.

"బాబూ, ఇంకా ఎన్నేల్లు బతికిత్తావేటి నన్ను?"

"నువ్వు రిటైరయ్యేదాకా అయితే ఖాయం బాబాయ్."

"అయితే ఆడు ముసిలోడైపోతాడు," అన్నాడు. గుమ్మం పట్టుకున్నాడు. "ఇంట్లో నాను అన్నం తింతుంటే ఆడు సూత్తుంటాడు. ఏటీ అనడు. అనీత్తే బాగుణ్ను."

వరండాలో కొడుకు ఏమన్నాడో చెప్పాలనిపించింది. చెప్పొద్దన్నాడు కనక చెప్పలేదు. ఆ ఒక్క కాగితం మాత్రం తొక్కిపెట్టాను.

కొడుకు ఆ కాలమంతా రకరకాల చోట్ల రోజుకూలీకి చేశాడని వినేవాణ్ని. గమ్హరియాలో లేతు మీద ఆరు వారాలు, ఒక ట్రక్కు గ్యారేజీలో వర్షాకాలం, మిగిలిన రోజుల్లో సాక్చీలో చుట్టాల కొట్టు ముందు స్టూలు. ఒకసారి బజార్లో ఎదురుపడితే నమస్తే పెట్టి వెళ్లిపోయాడు. కోపంగా ఉన్నట్టు లేదు, సంతోషంగానూ లేదు. నేనే ఏదో అడగబోయి, ఏం అడగాలో తెలియక, చేపల ధర అడిగాను. వాడు చెప్పాడు.

చివరికి ఒక ఉదయం ఉద్యోగానికి ముందు చేసే రక్తపరీక్షలకు వచ్చిన పదకొండు మంది వరసలో వాడు ఉన్నాడు. తండ్రి స్థానంలో కాదు. ట్రేడు పరీక్ష రాసి, ఫిట్టరుగా తన లెక్కన తాను ఎంపికయ్యాడు. తండ్రి అప్పటికింకా క్రేన్ మీదే ఉన్నాడు, ఆ రోజు మధ్యాహ్నం బీ షిఫ్టు. వాడి చొక్కా చెయ్యి పైకి మడిచి నేనే రక్తం తీశాను.

"అచ్ఛా హై నా భయ్యా, మేరా ఖూన్?" అన్నాడు. నా రక్తం బాగానే ఉంది కదా అని.

"చూసి చెబుతాను," అన్నాను.

మధ్యాహ్నానికి చూశాను. అన్ని గడులూ నిండాయి. ఇతరములు సున్నా. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు, అంతా బాగుందని చెప్పి కాగితం చేతిలో పెట్టాను. వాడు మడతపెట్టి జేబులో పెట్టుకుని, "బాపూకి నాను సెప్తాను," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక పాత రిజిస్టరు తీసి బోర్డు కూర్చున్న ఆ సోమవారం తేదీ చూశాను, ఆనాటి తేదీ చూశాను, వేళ్ల మీద లెక్కపెట్టాను. మధ్యలో యాభై ఒక్క నెలలు.